బోర్ల పడ్డ పడవ కింద

సౌదీల సముద్రం ఒడ్డున్న ఖఫ్జీకి పోయే రోడ్డు మీద మూతబడ్డ పెట్రోల్ బంకు ఒకటుంది. ఆడ ట్రైలర్ డ్రైవర్లు ఒంటేలుకు సుత దిగరు. దుమ్ము తుఫానుల దిగినోడొకడు మళ్ల దొరకలేదని చెప్పుకుంటరు.

రియాద్‌ల, మలాజ్ బస్తీల మా రూంల ఉండే యాదగిరన్న ఆడ దిగిండు. దిగక తప్పలే.

వీసా ఇచ్చిన అరబ్బు సేటు, కఫీల్, కొడుక్కు సముద్రంల తిరగనీకి సన్నటి కనూ పడవ కొన్నరు. దాన్ని పికప్ మీద కట్టుకొని రియాద్ కెళ్లి ఖఫ్జీ దాంక తీస్కపోవాలె. నడిపేది కడప దిలావర్. పక్కన యాదగిరన్న.

పొద్దుగూకినంక, సరిగ్గ ఆ బంకు ముందట్నే తాడు తెగింది. పడవ జారి రోడ్డు పక్కన బోర్ల పడ్డది.

"నువ్వుండు భాయ్, నేను చూసొస్త" అని అన్న దిగిండు.

పడవ కాడికి పోయిండో లేదో... గోడ లెక్క దుమ్ము లేచొచ్చింది. పికప్ కనవడలే. తన చెయ్యి తనకే కనవడలే. ముక్కుల ఇసుక, నోట్ల ఇసుక. దిక్కు తోచక పడవ లేపి కిందికి దూరిండు.

లోపల కటిక చీకటి. మోకాళ్లు మడవరాదు. అంచుల పొంటి ఇసుక పేరుకుంట వస్తున్నది. ఇంకింతసేపైతే బతికుండంగనే పూడ్చినట్టు...

అప్పుడు — కాళ్ల దిక్కు ఎవరిదో ఊపిరి.

"దిలావర్ భాయ్?"

తోడొచ్చిండని అన్నకు పానం కుదుటపడ్డది.

ఇంతల బయట హారన్! ఎవరో వచ్చిండ్రు. అన్న మోచేతుల మీద పాకి, అంచు లేపి తల బయట పెట్టబోయిండు.

మడిమ మీద చెయ్యి పడ్డది. గట్టిగ.

"ఇడువు... ఈడ్నే సచ్చిపోతం!" అన్న ఒర్లిండు.

"పోకు..." కాళ్ల దిక్కు నుంచి గుసగుస.

తన్నిండు. గుంజుకున్నడు. ఏడ్చిండు. ఆ చెయ్యి ఇడ్వలే.

భూమి అదిరింది. దారి కానక రోడ్డు దిగిన ట్రైలర్ ఒకటి, అన్న తల పెట్టబోయిన దిక్కు నుంచే ఉరుముకుంట పోయింది.

చెయ్యి మెల్లగ సడలింది.

గాలి తగ్గినంక అన్న బయటపడి పికప్ కాడికి ఉరికిండు. దిలావర్ స్టీరింగ్ పట్టుకొని కూసున్నడు.

"నువ్వు కాలు పట్టకపోతే సచ్చేటోన్ని భాయ్."

"నేనెక్కడ దిగితి అన్నా? గాలికి డోరే తెరుచుకోల్యా..."

దిలావర్ పడవ దిక్కు చూసి, గొంతు తగ్గించిండు.

"దుమ్ము ఒకసారి పలచబడె. నువ్వు పడవ కింద దూరేది లైట్ల ఎలుగులో చూస్తి. నీ ఎనకాలే ఇంకొకాయప్ప దూరె... ఎవురన్నా ఆయప్ప?"