పంపని జవాబులు

మూడో కంపెనీ కూడా "మీరే రానన్నారు కదా" అన్న రోజున ఆ అమ్మాయి డిటెక్టివ్ ఆఫీసుకు వచ్చింది. మొబైల్ యాప్‌లకు స్క్రీన్లు డిజైన్ చేయడం ఆమె పని. ఫోన్‌ను బల్ల మీద బోర్లా పెట్టి, దానికి వినపడుతుందేమో అన్నట్టు గొంతు తగ్గించింది.

"ఉద్యోగం వద్దంటూ నా పేరుతో మెయిళ్లు వెళ్తున్నాయి సార్. ఫోన్ మార్చాను, లాక్ మార్చాను. ఆగలేదు. ఎటు కదిలినా ముందే తలుపు మూసేస్తున్నారు."

"ఎవరి మీద అనుమానం?"

"అన్నయ్య. వేరే ఊళ్లో ఉద్యోగమంటే ఇంతెత్తున లేస్తాడు. మా బాసుకీ నేను వెళ్లడం ఇష్టం లేదు."

డిటెక్టివ్ మెయిళ్లన్నీ చదివాడు. ఆమె రాసినవాటి అడుగున 'మొబైల్ నుంచి పంపినది' అని ఉంది. వద్దన్న మూడింటిలో ఆ మాట లేదు. మూడూ పగలు పదకొండు ప్రాంతంలో వెళ్లాయి. వాటిలో ప్రతి వాక్యం చివరి చుక్క తర్వాతా రెండేసి ఖాళీలున్నాయి. ఎందుకో తెలియకపోయినా పక్కనున్న అతని అసిస్టెంటు అదీ రాసుకున్నాడు.

ఆమె ఆఫీసుకు వెళ్తే, బాసు వాళ్ల ముందే ఒక మెయిల్‌కు జవాబును ఫోన్‌కు నోటితో చెప్పి రాయించాడు. "టైపింగ్ నా వల్ల కాదండీ."

ఆ అమ్మాయి ఇంట్లో, కిటికీ లేని మధ్యగదిలో పాత కంప్యూటర్ ఉంది. అన్నయ్య ఒంటి వేలితో అక్షరాలు వెతుక్కుంటున్నాడు.

"దీన్ని ఎవరు వాడతారు?"

"ఒకప్పుడు చెల్లి. ఇప్పుడు నేనే. అదీ తొమ్మిదికి ఆఫీసుకు వెళ్లేలోపు."

వదిన మంచినీళ్లు తెచ్చింది. "ఈయన కొట్టేది చూస్తే నా వేళ్లు ఊరుకోవు. పెళ్లికి ముందు టైపు మిషన్ మీద కొట్టేదాన్ని" అని నవ్వింది.

ఆదివారం డిటెక్టివ్ బాసుతో సహా అందరినీ ఆ గదిలోనే కూర్చోబెట్టాడు.

"నువ్వు ఫోన్ లాక్ మార్చావమ్మా, మెయిల్ పాస్‌వర్డ్ మార్చలేదు. ఈ కంప్యూటర్ బ్రౌజర్‌లో నీ మెయిల్ లాగౌట్ చేయకుండా వదిలేశావు. అప్పటినుంచీ తెరిచే ఉంది."

"అన్నయ్యేనా?"

"పదకొండింటికి ఆయన ఆఫీసులో ఉంటాడు. చుక్క పెట్టగానే రెండుసార్లు ఖాళీ కొట్టడం టైపు మిషన్ మీద నేర్చుకున్న చేతి అలవాటు."

అసిస్టెంటు కళ్లు పెద్దవి చేసి నోట్సు వంక చూసుకున్నాడు. అందరూ వదిన వైపు తిరిగారు.

"నేనే" అంది ఆమె, కొంగు నలుపుతూ. "నువ్వు వెళ్లిపోతే ఈ ఇంట్లో నాతో మాట్లాడేదెవరు? నా ఉద్యోగం మీ అన్నయ్య ఒక్క మాటతో మాన్పించాడు. అప్పుడు ఏ డిటెక్టివూ రాలేదు."



ఆ అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుని పాస్‌వర్డ్ మార్చింది. మూడో కంపెనీకి మెయిల్ రాయసాగింది.

"నా పేరు రాస్తావా?" అడిగింది వదిన.

"రాయను. కానీ నేను వెళ్తాను వదినా."

వదిన స్క్రీన్ వంక చూసింది. తర్వాత పక్కకు కుర్చీ లాక్కుని, "రెండో లైన్లో తప్పు పడింది, దిద్దుకో" అంది.