అమ్మ చెప్పిన సినిమా

పొద్దున ఆరింటికి అక్క దుప్పటి మార్చడంతో ఆ ఇంట్లో రోజు మొదలయ్యేది. పదకొండేళ్లుగా ఆసుపత్రి లాండ్రీలో నలిగిన చేతులవి. తల్లిని ఒక పక్కకు ఒత్తిగిల్లజేసి, పాతది లాగి, ఉతికింది పరిచి, మూలలు బిగించడానికి నాలుగు నిమిషాలు చాలు. ఊపిరితిత్తులు పాడై ఆవిడ మంచం దిగక ఏడాదిన్నర అయింది. తలవైపు ఆక్సిజన్ మిషను రాత్రీ పగలూ రొద పెడుతూనే ఉంటుంది.

చెప్పులు వేసుకుంటూ అక్క పక్కగదిలోకి కేకేసింది.

"మహారాణీ! పదింటికి మాత్రలు. గంటకోసారి అమ్మని పక్కకి తిప్పు. ఆ కంప్యూటర్ ముందు కూర్చుని లోకం మర్చిపోకు!"

చెల్లెలు సంగీతం చేస్తుంది. పాట ఉండదు, పాడేవాళ్లుండరు. మంచు కమ్మినట్టు మెల్లగా కమ్ముకునే మోత అంతే. "ఏ సినిమాకే ఇది?" అని ఒకసారి అడిగితే, "లేని సినిమాకి" అంది. అక్కకి ఒళ్లు మండిపోయింది.

ఆ గురువారం లాండ్రీలో బాయిలర్ చెడిపోయి అక్క మధ్యాహ్నానికే ఇల్లు చేరింది. మాత్రలు మూతలో పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. దుప్పటి తడిసిపోయి ఉంది. తల్లి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని, కళ్లు మూసుకుని పడుకుంది. పక్కన చెల్లెలు.

అక్క ఆ హెడ్‌ఫోన్లు లాగి నేలకు కొట్టింది.

"నీకసలు బుద్ధుందా? అమ్మ తడిలో నానుతుంటే నీ గోల వినిపిస్తున్నావా?"

"ఈ సీను అయ్యేదాకా కదిలించొద్దని అమ్మే..."

"సీనా! నేనక్కడ లోకుల మురికంతా ఉతికి చస్తుంటే మీరిక్కడ సినిమా ఆటలాడుకుంటున్నారా?"

తల్లి చెయ్యెత్తింది. "దాన్నేం అనకు. సినిమా నేనే చెప్తున్నా... అది వాయిస్తోంది." మాటమాటకీ ఊపిరి అందడం లేదు. "నువ్వూ ఒక్కసారి వినవే."

"ఆదివారం వింటాలే," అంది అక్క, తడి గుడ్డలు పోగుచేస్తూ, ఆవిడ మొహం చూడకుండా.

శనివారం డ్యూటీలో ఉండగా ఫోనొచ్చింది. అక్క పరుగున వచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. మిషను ఆపేశారు.

వారం తర్వాత ఆ గది సర్దుతుంటే చెల్లెలు గుమ్మంలో నిలబడింది.

"మాత్రలు మర్చిపోయింది నేనే అక్కా. నన్ను ఎంతైనా తిట్టు. కానీ ఒక్కసారి విను."

తిట్టే ఓపిక కూడా లేక అక్క విన్నది. మొదట ఏమీ అర్థం కాలేదు. తర్వాత ఎక్కడో ఆవిరి బుసకొట్టింది. బట్టలు పిండే ఇనుప రోలర్లు తిరుగుతున్నాయి. వాటి మధ్య నుంచి అడుగులు, తడినేల మీద ఒక్క మనిషివే, బయటికొచ్చాయి. ఎంతో దూరం నడిచాయి. మోతలన్నీ ఒక్కటొక్కటే వెనకబడి, చివరికి ఒకే స్వరం మిగిలింది, నీళ్లలా విశాలంగా. అది ఎంతకీ అయిపోలేదు.

"ఈ నడిచేది ఎవరే?"

"నువ్వే." అంది చెల్లెలు. "ఏడాదిగా అమ్మ చెప్పింది నీ కథేనక్కా. నువ్వు పని వదిలేసి సముద్రం ఒడ్డుకెళ్లి నిద్రపోతావు. ఎవ్వరూ లేపరు. 'ఇంకా పొడిగించు, దాన్ని ఇంకాసేపు పడుకోనీ' అనేది. నువ్వు ఆదివారం వింటానన్నావుగా, ఆలోపు పూర్తి చెయ్యమని తొందరపెట్టింది."

"అమ్మ విందా, పూర్తయ్యాక?"

"శుక్రవారం విన్నది. మర్నాడే ఆదివారం అనుకుని, నీకు వినిపిద్దామంది. మర్నాడు శనివారమని కూడా తెలియలేదు అమ్మకి."

అక్క నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. లోపలి నుంచి తన్నుకొచ్చిన ఏడుపు ఆగలేదు. నన్నెవరు పట్టించుకున్నారని ఇన్నాళ్లూ ఎంత రగిలిపోయింది! చెల్లెలు దగ్గరికి రావాలో వద్దో తెలియక అక్కడే నిలబడింది. అక్కే చెయ్యి చాచి దాన్ని దగ్గరికి లాక్కుంది.

"నాకేం తెలుసే," అంది వెక్కుతూ. "నన్ను కూడా చూస్తోందని నాకేం తెలుసు?"