వెండి సింహాల దీపం

"ఈ ఒక్క ఏడూ ఇత్తడిది వెలిగిస్తే ఏం పోయిందమ్మా?" మళ్ళీ అదే మాట అన్నాడు కోరాడో.

"మీ నాన్న పోయిన ఏడు కూడా వెండిదే వెలిగించాం. నీకిప్పుడేం వచ్చిందిరా?" గ్రాజియా దీపాన్ని ఒళ్లోంచి దించకుండా తుడుస్తోంది.

"పాత వెండి. నూనె జిడ్డుకి పాడవుతుంది."

"మీ ముత్తాత కాలం నుంచీ పట్టని జిడ్డు ఈ శుక్రవారమే పడుతుందేం?"

కోడలు పెర్లా ఒత్తులు చేస్తోంది. ఇంట్లో వాళ్ళకి ఆమె ఇటలీలోని లివోర్నో రేవులో టైపిస్టు. గూఢచారి శాఖ హెడ్‌క్వార్టర్స్‌కి ఏజెంట్ ఆలివ్.

ఆ ఉదయమే చీఫ్ ఫోన్‌లో క్లుప్తంగా చెప్పాడు.

"జలాంతర్గామి ప్లాన్ల మైక్రోఫిల్మ్ ఒక యూదుల హనుక్కా పండగ దీపంలో సరిహద్దు దాటబోతోంది. పైన కిరీటం, కింద రెండు సింహాలు. సాయంత్రం మాగ్డా మీ ఇంటికే కొనడానికి వస్తుంది."

మాగ్డా అందగత్తె. పాత సామాన్ల వ్యాపారం పైకి. లోపల రెండు దేశాల జీతం.

"దాచిందెవరు?"

"అది నువ్వు చెప్పాలి."

ఫోన్ పెట్టేసి పెర్లా హాల్లోకి వెళ్ళింది. వెండి దీపం సింహాల వెనక రేకు విప్పి ఫిల్మ్ తీసుకుంది. రేకు మళ్ళీ బిగించింది. పోయిన వారం దీపం మెరుగుకి కంసాలి దగ్గరికి వెళ్ళొచ్చింది. ఇది ఇంట్లో వాళ్ళది కాక ఆ కంసాలి పనే అయి ఉండాలని రోజంతా కోరుకుంది.

పొద్దు వాలింది. గ్రాజియా మొదట వెండి హనుక్కా దీపం, తర్వాత శనివారపు విశ్రాంతి దినానికి సబాత్ దీపం వెలిగించింది. ఇక రేపు చుక్కలు పొడిచేదాకా వాటిని ఎవరూ ముట్టుకోరు.

బెల్ మోగింది. గుమ్మంలో ఎర్ర చేతి తొడుగులతో మాగ్డా.

"పాత వెండి కొంటామండీ."

"సబాత్ పూట బేరాలేమిటమ్మా? రేపు చీకటిపడ్డాక రా," అంది గ్రాజియా.

మాగ్డా వెలుగుతున్న దీపాన్ని చూసింది. తర్వాత కోరాడోని చూసింది. వేడికి లోపలి ఫిల్మ్ మాడిపోతుందన్నట్టు.

కోరాడో ఒక్క ఊపున వచ్చి దీపాన్ని రెండు చేతులా లాగాడు. కాగిన నూనె వేళ్ళ మీద ఒలికింది.

"సబాత్‌రా! ముట్టుకున్నావా!" గ్రాజియా కేకేసింది.

పెర్లా ఏప్రన్ జేబులోంచి ఫిల్మ్ తీసింది. "మాడలేదు. నా దగ్గరే ఉంది. నువ్వేనా?"

పెళ్ళయ్యాక ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.

"మరి నువ్వెవరు, పెర్లా?" అన్నాడతను కాలిన చేతులు చూసుకుంటూ.

పారిపోబోయిన మాగ్డాను మెట్ల మీద కాపు కాసిన చీఫ్ మనుషులు ఆపిన చప్పుడు వినిపించింది. వంటింట్లోంచి వచ్చిన పెర్లా కూతురు నోరా కోడివేపుడు పళ్ళెంతో నిలబడిపోయింది.

పెర్లా తడిగుడ్డ తెచ్చి భర్త చేతులకి చుట్టింది. తర్వాత అందరికీ వినపడేలా నింపాదిగా చెప్పింది.

"కోరాడో వాళ్ళతో వెళ్తాడు. నేనూ నోరా ఇక్కడే ఉంటాం. వెండి దీపం ఈ ఇల్లు కదలదు."

గుడ్డ ముడి బిగిస్తూ అంది: "జైలుకి ఇత్తడిది పంపిద్దాం, అత్తయ్యా. అతను అడిగిందీ అదేగా."