దశమినాటి వీలునామా

భర్త శవానికి చివరి స్నానం చేయిస్తూ చెయ్యి పట్టుకున్న అనసూయకు, ఆయన ఎడమ బొటనవేలికి నల్లటి సిరా కనిపించింది.

సాంబయ్య వరంగల్ బజారులో మిరప వ్యాపారి. ఏనాడూ వేలిముద్ర వేసిన మనిషి కాదు, చక్కగా తెలుగులో సంతకం చేస్తాడు. నెల రోజులుగా మంచం దిగలేదు. ఆ ఉదయం ఆమె వేడినీళ్లకోసం వంటింట్లోకి వెళ్లి వచ్చేసరికి ప్రాణం పోయింది. అంతసేపూ మంచం దగ్గర ఉన్నది ఒక్కడే, మరిది రాయమల్లు.

అనసూయ అరవలేదు. వేలు తుడిచింది. తలెత్తి చూస్తే అందరికంటే గట్టిగా ఏడుస్తున్నది అతనే.

"ఏడువు," అనుకుంది మనసులో. "నిన్ను నిజంగ ఏడిపించే రోజు నేను పెడత."

పన్నెండో రోజు భోజనాలయ్యాక రాయమల్లు ఉర్దూలో రాసిన, కింద అన్న వేలిముద్ర ఉన్న కాగితం తీశాడు. వీలునామా. ఇల్లూ దుకాణమూ తమ్ముడికి. భార్యకూ, పదేళ్ల కూతురు అరుణకూ తిండీ బట్టా. అన్నతో వేరుపడి, తన వాటా ఏనాడో పోగొట్టుకున్న తమ్ముడు అతను.

"అన్ననే ఇచ్చిండు వదినె, నేను అడుగలే. అరుణ లగ్గం నేనే చేస్త. నీకేం ఫికర్ లేదు."

"నాకు లేదు," అంది అనసూయ. "నకలు ఇయ్యి."

మొదటి వకీలు ఇంటిముందు పెద్ద బోర్డుంది. ఆయన అనసూయ వైపు చూడనే లేదు. ఆమె అన్న సారంగపాణితోనే మాట్లాడాడు.

"రాజీ చేసుకోండ్రి. ఆడమనిషి కోర్టు కచేరి మెట్లెక్కుతదా?"

"ఎక్కుతది," అని అనసూయ లేచి వచ్చేసింది.

రెండో వకీలు హనుమకొండ కిషన్ రావు. ఆయన సారంగపాణిని అరుగుమీద కూర్చోమన్నాడు.

"దావా ఈమెది, ఈమెనే చెప్పాలె. అమ్మా, మొదటినుంచి చెప్పుండ్రి. వైద్యుని దగ్గర, వకీలు దగ్గర దాస్తె మునిగేది మీరే."

అనసూయ సిరా సంగతి చెప్పింది.

"ఇంకెవరన్న చూసిండ్రా?"

"నేనొక్కదాన్నే."

"ఆ వేలు కాలిపోయింది. అది సాక్ష్యం గాదు." వకీలు నకలు చదివి, తారీఖులకు తిథులు చూపే జంత్రి తిరగేశాడు. "నిజాం సర్కారు ఫసలీ తారీఖు వేసిండ్రు. తీర్ నెల... అంటె మొన్నటి వైశాఖ శుద్ధ దశమి."

"ఏ తిథి?" అనసూయ మళ్లీ అడిగింది.

"దశమి. మంచి రోజే."

భర్త పోయాక ఆమె మొదటిసారి నవ్వింది. ఎందుకో చెప్పగానే వకీలూ నవ్వాడు.

"ఇగ గెలిచినట్టే. ఏండ్లు పడ్తది గని గెలుస్తం."

"గెలుసుడు చాలదు వకీలు సాబ్. పెద్దమనుషుల ముంగట మా మరిది తన నోటితోనే ఒప్పుకోవాలె. రేపటినుంచి బజార్ల తలెత్తి నడువొద్దు."

కిషన్ రావు నకలు మడిచాడు. "సరే. అయితె నేను సైగ చేసేదాక నోరు తెరువొద్దు."

ఆదివారం ఉదయం కులపెద్దలు అనసూయ ఇంట్లో కూర్చున్నారు. అందరిలోకీ పెద్ద, వీరభద్రం. కిషన్ రావు మెత్తగా మొదలుపెట్టాడు.

"రాయమల్లూ, ఈ ముద్ర ఎప్పుడు పడ్డది?"

"కాయిదంల ఉన్నది గద. వైశాఖ దశమి నాడు, పొద్దుగాల, ఇదే ఇంట్ల. అన్న పంచాంగం సూసి మరీ వేసిండు."

"నువ్వున్నవా?"

"ఎదురుంగనే కూసున్న. అన్న మీద ఒట్టు."

వకీలు అనసూయ వైపు తల ఊపాడు. ఆమె లోపలికి కేకేసింది. "పద్మా, జర ఇటు రా!"

రాయమల్లు భార్య పద్మ తడిచేతులు తుడుచుకుంటూ వచ్చింది.

"మీ చెల్లె లగ్గం ఏనాడైంది?"

"అదేందక్కా, అప్పుడే మర్చినవా? వైశాఖ దశమి నాడు గాదు? ముందటి రోజే ఈ ఇంటికి తాళమేసి అందరం ఒక్క బండ్ల జనగామ పోలె? లగ్గంల బావ పెండ్లికొడుకును ఎక్కిరిస్తుంటె, ఈయనకు నవ్వి నవ్వి పొలమారలే?"

పద్మ అందరి ముఖాలూ చూసి, చివరికి భర్త ముఖం చూసి, గోడకు ఆనుకుంది.

"థూ నీ!" అన్నాడు వీరభద్రం. "దొంగ కాయిదానికి సుత లగ్నం సూసినవురా!"

వెనకనుంచి ఎవరో పెద్దగా నవ్వారు. అనసూయ ఎదురుచూసింది ఆ నవ్వు కోసమే.

"లేచి నిలబడు," అంది అనసూయ. "నా బిడ్డ ముంగట చెప్పు. అన్న సచ్చినంక వేలు ముంచినవా లేదా?"

రాయమల్లు లేచాడు.

"పాడు దినం రాయిస్తె నిలవదని మంచిరోజు వేయించిన వదినె. ఆ దినం మంచిదని యాదికుండె. ఎందుకు మంచిదో యాదికి రాలే."

మళ్లీ నవ్వబోయిన వాళ్లు అతని ముఖం చూసి ఆగిపోయారు.

"గని సచ్చినంక గాదు వదినె. నువ్వు నీళ్లకు పోయినప్పుడు అన్నకింక పానమున్నది. నేను వేలు పట్టుకుంటె, చెయ్యి పట్టుకున్న అనుకున్నడు. 'వచ్చినవా తమ్మీ' అన్నడు. ఉన్న బలమంత పెట్టి నా చెయ్యి పట్టుకున్నడు."

అనసూయ అరుణను దగ్గరికి లాక్కుంది.

"ఇడువలేదు వదినె. ఒక్కొక్క వేలు నేనే ఇడిపించుకున్న. ఒక్కొక్క వేలు."