లీజియన్‌లో ఎంతమంది?

పొద్దుపొద్దున్నే గోదావరిఖని బస్టాండు వెనక బిక్షాన్ని పొడిచి చంపారు. చేతిలో చాయ్ గ్లాసు చేతిలోనే ఉంది పాపం. గనిలోకి దిగేవాళ్ళకు టోపీ దీపాలిచ్చే ల్యాంపురూములో అతని డ్యూటీ. ఇంటెలిజెన్సుకు కబుర్లందించడం రెండో డ్యూటీ. అది పెండ్లాం సారవ్వకు కూడా తెలియదు. చివరి మెసేజీ ఇంతే: "లీజియన్. ఇయ్యాల సెకండ్ షిఫ్టు."

ఏజెంట్ నౌమాన్‌కు మంచిర్యాల స్టేషన్‌లో దిగుతూనే చీఫ్ రఘుపతి ఫోన్ చేశాడు.

"లీజియన్ అంటే తెలుసా?"

"చెప్పండి సార్."

"పాతకాలం రోమ్ సైన్యం పేరు. 'ఏరడం' అనే మాటలోంచి పుట్టింది. మగవాళ్ళను ఏరి కట్టిన పటాలమన్నమాట. తర్వాత లెక్కకందని జనానికంతా అదే పేరైంది. అంటే ఈ విదేశీ ముఠా వందల్లో ఉంటుంది."

"మా అమ్మ లష్కర్ అంటది సార్. పక్కింటవ్వ దండు అంటది. ఏ పేరు పెట్టినా తొక్కేది మా వాకిలినే."

"జోకులొద్దు. మన హర్షిణి ముఠాలో చేరి మనకు పనిచేస్తోంది. గని ముందు చాయ్ హోటల్లో కలువు."

నౌమాన్ పుట్టింది ఆ గని క్వార్టర్లలోనే. తండ్రి ఫరీద్ బొగ్గు తవ్వీ తవ్వీ, దగ్గీ దగ్గీ పోయాడు. కొడుకు ఇప్పుడు పంపు మెకానిక్ వేషంలో వచ్చాడు: చొక్కాకు గ్రీజు, గుండీలో కెమెరా, పెన్నులో జామర్.

హర్షిణి పట్టుచీరలో కారు దిగింది. హోటలంతా అటే చూసింది.

"కరెంటు ఉందా?" అన్నాడు నౌమాన్.

"పోయి వచ్చింది," కోడ్ సరిగ్గానే చెప్పింది. "ఇప్పుడే హైదరాబాద్ నుంచి వస్తున్నా. బాంబు ఈ గనిలో కాదు, నేల పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులో పెట్టారు. నీ టీమ్‌ను అటు పంపు."

చెమట తుడుచుకోవడానికి కూలింగ్ గ్లాసులు తీసింది. కళ్ళకు నల్లటి అంచు. రుమాలు తగిలినా చెదరలేదు.

నౌమాన్‌కు తండ్రి గుర్తొచ్చాడు. షిఫ్టు దిగొచ్చి మొహం తళతళలాడేదాకా సబ్బుతో తోమినా, రెప్పల అంచున బొగ్గు కాటుకలా నిలిచేది. అమ్మ రబియా బీ దూదిని కొబ్బరినూనెలో ముంచి తుడిచేది. సబ్బుకు పోదది. ఈ ఊళ్ళో చంటిపిల్లలకూ తెలిసిన సంగతి. హైదరాబాద్ అమ్మాయికి ఎవరు చెప్తారు?

"గనిల ఎప్పుడు దిగినవక్కా?"

ఆమె చెయ్యి పర్సులోకి పోయింది. వేడి చాయ్ ఆ చేతిమీద పడింది. పిస్తోలు కిందపడింది. పక్క బల్లల దగ్గర చాయ్ తాగుతున్న మఫ్టీ కానిస్టేబుళ్ళు లేచి బేడీలేశారు.

"మేము లీజియన్. ఎంతమందిని పట్టుకుంటవ్?" అని నవ్వింది.

నౌమాన్‌కు లెక్క తేలింది: తెల్లారకముందు గని చూసే విజిటర్‌గా దిగిన ఆమెకు దీపమిచ్చింది బిక్షమే. లీజియన్ మనిషని గుర్తుపట్టాడు, అందుకే పోయాడు. విజిటర్లను లోపల పంపు దాకే తీసుకెళ్తారు. నౌమాన్ పరుగెత్తాడు.

గని మూతి దగ్గర గార్డు బుచ్చన్న జేబులు తడిమాడు. "బ్యాటరీ వస్తువులు లోపలికి పోవు బిడ్డా, గ్యాసు అంటుకుంటది. పెన్నయినా సరే."

"తెల్లారకముందు వచ్చిన మేడమ్ బ్యాగు తడిమినవా?"

బుచ్చన్న తల దించాడు. "వీఐపీ అన్నరు."

కెమెరా, జామర్ అన్నీ గేటు దగ్గరే ఉండిపోయాయి. పంపు వెనక ఒక టిఫిన్ డబ్బా టిక్కుటిక్కుమంటోంది. షిఫ్టు మొత్తం లోపలే ఉంది. వట్టి చేతులతో నౌమాన్ డిటొనేటర్ పీకేసరికి గడియారంలో ఆఖరి అంకె సున్నా మీదికి దొర్లింది. డబ్బా నోరు మెదపలేదు.

పైకి వచ్చాక జీపులో ఉన్న హర్షిణిని అడిగాడు. "నిజం చెప్పు. మీ లీజియన్‌ల ఎంతమంది?"

"నేను. బిక్షాన్ని పొడిచిన కిరాయివాడు. పేరు పెద్దది పెడితే మీ ఆఫీసే మిగతా జనాన్ని ఊహించుకుంది."

చీఫ్‌కు అదే చెప్పాడు.

"ఇద్దరేనా? పైవాళ్ళకు వందలని చెప్పేశానయ్యా. కాంట్రాక్టు కూలీల్లో కొందరిని ఏరు. మొదట బిక్షం పేరు రాయి. చచ్చినవాడు కాదనడు."

"ఆ మాట ఎట్ల పుట్టిందో ఇప్పుడు సమజైంది సార్. ఏరుడు నాతోని కాదు."

"నువ్వు కాకపోతే ఇంకొకడు ఏరతాడు." ఫోన్ పెట్టేశాడు.

సాయంత్రం సారవ్వ ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళతోనే, ఇంటికొచ్చిన నౌమాన్ మొహం చూసింది. లోపలికి పోయి నూనె సీసా తెచ్చింది. "కండ్లు తుడుచుకో బిడ్డా, అచ్చం గనిల దిగిన దినాలల్ల మా ఆయన లెక్కనే ఉన్నవ్. నా మొగడు ఏం తప్పు చేసిండని చంపిన్రు?"

"ఏ తప్పు చెయ్యలే అవ్వా. షిఫ్టు మొత్తాన్ని బతికిచ్చిండు. ఎవ్వరేమన్నా నమ్మకు."

తెల్లారి పేపర్లో లీజియన్ దొరికిందని పెద్దక్షరాలు. పేజీ నిండా పేర్లు, అందరికన్నా ముందు బిక్షం. హర్షిణి పేరు మాత్రం ఎంత వెతికినా లేదు. ఆఫీసు మనిషి కదా మరి, ఆఫీసు పరువు కాపాడుకోవద్దూ!