దర్జీ ఇంట్లో గుండీల దొంగ

"ఇదిగో, మీ ఇల్లాలి చేతివాటం! గుండీల అట్ట... మీ ఇంట్లో డబ్బాల నిండా ఉన్న సరుకే! ఉన్నవాళ్లకు కూడా ఈ కక్కుర్తేమిటయ్యా?"

ఫ్యాన్సీ కొట్టు యజమాని విసిరిన అట్ట దర్జీ కత్తిరిస్తున్న గుడ్డ మీద పడింది. కొలతలివ్వడానికి వచ్చినవాళ్లంతా గుమ్మంలో నిలబడ్డ అతని భార్యకేసి చూశారు. ఆమెకు తల కొట్టేసినట్టయింది...

తీసేటప్పుడు ఆమెకు గుండీలు కనబడనే లేదు. గుండె దడ, వేళ్ల చివర మంట, "తీసెయ్, తీసెయ్" అని లోపలెవరో తరుముతున్నట్టు... తీశాక ఒక్క క్షణం హాయి. ఆ వెంటనే ఏడుపు! చెబితే నమ్మేదెవరు?

దర్జీకి తెలిసిన వైద్యం ఒక్కటే. కిందటిసారి దొరికిపోయినప్పుడు, ఆమె బట్టల జేబులూ సంచి అరలూ అన్నీ మిషను మీద వేసి కుట్టేశాడు. చిరుగు పడితే అతుకు వేసినట్టే మనిషికీ! ఈసారి అట్ట పిడికిట్లో దొరికింది.

"నీకిక బుద్ధి రాదు! పాపను రేపే మా అక్క దగ్గర దింపేస్తాను. దొంగ ఒళ్లో పెరగాల్సిన ఖర్మ దానికేం పట్టలేదు!"

"అంత మాటనకండి! నన్ను కొట్టండి, గదిలో పెట్టి తాళం వెయ్యండి... పాపను మాత్రం పంపెయ్యకండి!"

కాజాలు కుడుతున్న అత్తగారు కళ్లజోడు తీసి లేచింది.

"ఒరేయ్, మీ నాన్న తాగొచ్చి ఇల్లు పీకి పందిరేస్తే 'పాపం, వ్యసనం' అన్నారంతా. ఆడదాని చెయ్యి అదుపు తప్పితే మాత్రం దొంగా! నీకు జ్వరమొస్తే మాత్ర మింగుతావా, ఇస్త్రీపెట్టె పెట్టుకుంటావా? మరి దీనికి జేబులు కుట్టడమేమిట్రా! ఇంటి నిండా ఉన్నదాన్నే ఎత్తుకొచ్చే మనిషికి కావలసింది వస్తువేనట్రా?"

మర్నాడే ఇద్దరినీ ఆసుపత్రికి లాక్కెళ్లింది.

"ఎప్పటినుంచమ్మా?" అడిగింది డాక్టరమ్మ.

"రెండో బిడ్డ పోయినప్పటినుంచి... అది పెళ్లిబట్టల సీజను. కూర్చుని ఏడవడానికి ఎవరికీ తీరిక లేదు డాక్టరుగారూ!"

దర్జీ తల దించుకున్నాడు.

"ఇది జబ్బు. ఆశపడి చేసే దొంగతనం కాదు. కూర్చోబెట్టి మాట్లాడి చేసే చికిత్స ఉంది, అవసరమైతే మందులూ ఉన్నాయి. ఒక్కరోజులో తగ్గదు, మధ్యలో మళ్లీ చెయ్యి అదుపు తప్పవచ్చు కూడా. కొన్నాళ్లు దుకాణాలకు తోడు వెళ్లండి. తిట్టారో, దాచడం నేర్చుకుంటుంది!" డాక్టరమ్మ గొంతులోనూ కోపమే.

వారం వారం వెళ్లారు. నెలలు గడిచాయి. చెయ్యి చాలావరకు అదుపులోకి వచ్చింది. ఒకరోజు తోడు లేకుండా కొట్టుకు వెళ్లి వచ్చిన ఆమె, ముందుగది నిండా జనముండగానే పిడికిలి విప్పింది. అందులో దువ్వెన!

"ఏమండీ... ఇవాళ మళ్లీ తీశాను. ఎవరూ చూడలేదు. నేనే చెబుతున్నాను."

కొలతలిస్తున్న పెద్దమనిషి పకపకా నవ్వాడు. "మా గుడ్డ ఇక్కడ భద్రమేనా దర్జీగారూ?"

దర్జీ మెడలోని టేపు తీసి బల్ల మీద కొట్టాడు. "మీ గుడ్డ మీరు పట్టుకెళ్లండి! జబ్బు మనిషిని చూసి నవ్వేవాళ్లకు నేను కుట్టను!"

చెప్పులేసుకుని భార్యవైపు తిరిగాడు. "పద, ఇద్దరం వెళ్లి ఇచ్చేసి వద్దాం. పాప బడినుంచి వచ్చే వేళయింది... నువ్వు పెడితే గానీ అన్నం ముట్టదు."