ఎడమ పక్క వెనక తలుపు

కుందుర్పి పోయే దారిలో మూతబడిన శెనక్కాయల మిల్లు ఒకటుంది. పొద్దు గూకినాక దాని ముందర ఎవరూ బండి ఆపరు. మిల్లులో ఏమీ లేదు. వానల్లేక పంటలు పోయి, మిషన్లు అమ్ముకొని, యజమానులు బెంగళూరు చేరుకొని పదేండ్లయింది. ఆ పదేండ్లలో అక్కడ ఎవరికీ ఏమీ కనపడలేదు. చెడ్డపేరు వచ్చింది ఈ మధ్యనే — దొడ్లో పెట్టిన తెల్ల కారు వల్ల.

స్టేషన్‌లో జాగా చాలక, కేసుల్లో పట్టుకున్న బండ్లను పోలీసులు తెచ్చి ఆ మిల్లు దొడ్లో పెడతారు. ఇసుక ట్రాక్టర్లు, నంబర్లు లేని మోటార్ సైకిళ్లు. వాటి మధ్యకు మార్చి నెలలో ఈ కారు వచ్చింది. వచ్చిన వారానికే మాట పుట్టింది... రాత్రిపూట దాని వెనక సీట్లో ఎవరో కూర్చోనుంటారని. గోడ పక్కన లారీ తిప్పుకుంటా ఉన్న డ్రైవరొకడు, లైట్లు ఆ పక్కకు పడినప్పుడు, అద్దానికి ఆనించిన చెయ్యి చూసినాడంట. ఐదు వేళ్లూ కనపడినాయంట. మూడు దినాలు జరంతో పడుకొని లేవలేదంట.

ఆ చెయ్యి ఎవరిదో ఒకరు చెప్పే పని లేదు. బయ్యన్నదే అన్నారు అందరూ.

బయ్యన్న చీనీ తోటలో కాపలా ఉండేవాడు. ఒక రాత్రి ఎనిమిదింటప్పుడు ఇంటికి నడిచి పోతా ఉంటే, మలుపు దగ్గర ఈ కారు గుద్దింది. కారు కాంట్రాక్టర్ శ్రీకాంత్‌ది. నడిపింది తానేనని ఒప్పుకున్నాడు. మనిషి చీకట్లో అడ్డం వచ్చినాడని, అక్కడికక్కడే ప్రాణం పోయిందని, జనం కొడతారని భయపడి తోటలో దాక్కొని తెల్లారి స్టేషన్‌కు వచ్చినానని చెప్పినాడు. శవం కూడా ఆ మలుపు దగ్గరే, దారి పక్క గుంతలో, పాల వ్యాను వాళ్లకు దొరికింది. చెప్పిన మాటకూ, దొరికిన శవానికీ సరిపోయింది. పోలీసులు అట్లే రాసుకున్నారు.

జూన్‌లో కోర్టు కారును విడిచిపెట్టింది. ఇన్సూరెన్స్ మీద రిపేరు చేయించాలంటే ముందు ఎస్టిమేట్ కావాలి. ఏ భాగం పోయింది, ఏది మార్చాలి, ఏది సరిచెయ్యొచ్చు, ఒక్కొక్కటీ వరుసగా రాసిన కాగితం. ఆ పని షావలి మీద పడింది.

షావలికి యాభై రెండేండ్లు. కళ్యాణదుర్గంలో ఆంజనేయులు బాడీ షాపులో పాతికేండ్లు రేకు కొట్టినాడు. మణికట్టు పోయినాక సుత్తి పక్కన పెట్టి ఎస్టిమేట్లు రాయడం పట్టినాడు. ఆయన కాగితంలో చిన్న క్లిప్పు కూడా తప్పిపోదని పేరు. లేనిది రాయడు, ఉన్నది వదలడు. దెబ్బ ఎంత చిన్నదైనా బండి చుట్టూ ఒక తూరి తిరిగి, నాలుగు తలుపులూ తెరిచి మూసి చూడందే సంతకం పెట్టడు. పాత దెబ్బ, కొత్త దెబ్బ కలిసిపోతే కాగితమంతా అబద్ధమైపోతుందనేవాడు.

శ్రీకాంత్ మధ్యాహ్నం ఫోన్ చేసినాడు. ఇన్సూరెన్స్ సర్వేయర్ రేపు పదింటికి వస్తాడని, ఈ పొద్దే పోయి రాసుకోమని, దెబ్బంతా ముందరనే ఉందని, వెనక తలుపులు తెరిచే పనే లేదని చెప్పినాడు. ఆ చివరి మాటను షావలి పెద్దగా పట్టించుకోలేదు. బండి ఇచ్చేవాళ్లు అట్లా ఏదో ఒకటి చెబుతానే ఉంటారు.

దారిలో బైకు పంక్చర్ అయింది. మిల్లు చేరేసరికి ఏడున్నర దాటింది.

తాళాలు ఎదురుగా టీ కొట్టు పెట్టుకున్న తిమ్మక్క దగ్గర ఉన్నాయి. ఈ పొద్దప్పుడు ఎందుకు, తెల్లారి రాకూడదా అని అడిగింది ముసలామె. షావలి సర్వేయర్ సంగతి చెప్పినాడు. ఆమె తాళాలు చేతిలో పెట్టింది గానీ, వెంటనే వదల్లేదు. గొంతు తగ్గించి —

"ముందర తట్టు చూసుకొని వచ్చేయప్పా. వెనక తట్టుకు పోవద్దు."

షావలి తల ఊపి, గేటు తీసుకొని లోపలికి పోయినాడు. మనుషులు చచ్చిన బండ్లు ఆయనకు కొత్త కాదు. సీట్ల మీది రక్తాన్ని తన చేతులతోనే కడిగిన దినాలున్నాయి.

దొడ్లో లైటు లేదు. చంద్రుడు లేడు. తుమ్మ చెట్ల మీదుగా గాలి వీస్తా ఉంది, వీచినప్పుడల్లా మిల్లు రేకు ఒకటి లేచి పడుతా ఉంది. తెల్ల కారు మూలన ఉంది. దగ్గరికి పోతే...

టిక్.

ఆగినాడు.

టిక్... టిక్...

పొద్దంతా ఎండకు కాగిన రేకు చల్లబడి ముడుచుకుంటే వచ్చే చప్పుడది. ఎన్నేండ్లుగానో వింటా ఉన్నదే. ఆ మాట తనకు తానే ఒక తూరి చెప్పుకున్నాడు. ఇంకో తూరి కూడా చెప్పుకోవలసి వచ్చింది.

ఫోన్ లైటు వేసి ముందర నుంచి మొదలుపెట్టినాడు. ముందు బంపర్, మార్చాలి. బానెట్, మార్చాలి. ఎడమ హెడ్‌లైట్, మార్చాలి. ఎడమ ఫెండర్, మార్చాలి. రేడియేటర్, విప్పి చూడాలి. ముందు అద్దం, మార్చాలి. ఒక్కొక్కదానికి ఒక ఫోటో. తీసింది తీసినట్టు అక్కడి నుంచే సర్వేయర్‌కు పంపాలి, అది ఇన్సూరెన్స్ వాళ్ల నియమం. సర్వేయర్ పేరు వంశీ, కొత్తగా వచ్చినవాడు, నియమం గట్టిగా పట్టుకునే మనిషి. షావలి ఫోటో తీసినాడు, పంపినాడు, రాసుకున్నాడు. చేతిలో పని ఉండేసరికి భయం తగ్గింది.

ఎడమ ముందు తలుపు తెరిచి మూసి, కుడి పక్కకు తిరిగినాడు. రెండు తలుపులూ తెరిచి మూసినాడు. ఏమీ లేదు. డిక్కీ ఎత్తి చూసినాడు. ఏమీ లేదు.

ఇంక ఎడమ పక్క వెనక తలుపు మిగిలింది.

లైటు అద్దం మీద పడింది.

చెయ్యి.

అద్దానికి ఆనించిన చెయ్యి... విడదీసిన ఐదు వేళ్లు, కింద అరచెయ్యి.

షావలి కదల్లేదు. చెయ్యి కూడా కదల్లేదు. ఎంతసేపు అట్లా నిలబడినాడో ఆయనకే తెలియదు. ఫోన్ లైటు పక్కకు జరిపి, మళ్లీ తెచ్చినాడు. అప్పుడు కనపడింది... అది మరక. దుమ్ము పట్టిన అద్దం మీద, ఎండిపోయిన నల్లటి మరక.

లారీ డ్రైవర్ చూసింది దీన్నే. షావలికి ఒళ్లంతా తేలికైంది. ఇంతోటి మరకకు ఊరు ఊరంతా వణికిపోయిందే అనుకున్నాడు. అద్దం గీసుకుపోయిందో లేదో చూడాలి కదా అని జేబులోంచి గుడ్డ తీసి తుడిచినాడు.

దుమ్ము వచ్చింది. మరక రాలేదు.

సీసాలోని నీళ్లు పోసి గట్టిగా రుద్దినాడు. మరక ఇంకా బాగా కనపడింది. వేళ్ల మీది గీతలు కూడా. గోటితో గీకినాడు... గోరు నున్నగా జారిపోయింది. అద్దం మీద ఏమీ తగల్లేదు.

అప్పుడు తెలిసింది. మరక లోపలి పక్క ఉంది.

తలుపు తెరిచినాడు. బయట నుంచి ఒక్క వేలికే వచ్చింది. సీటు కవరు లేదు. కింద పరిచే మ్యాటు లేదు. పీకేసినారు, కడిగినారు, తొందరలో అద్దం మరిచిపోయినారు. ముందర దెబ్బ చూసుకున్న పోలీసులు వెనక్కి వచ్చి ఉండరు.

లైటు తలుపు లోపలి పక్కకు తిప్పినాడు. లోపలి హ్యాండిల్ మొదలంటా విరిగి, తీగకు వేలాడుతా ఉంది. దాని చుట్టూ గీతలు, గోళ్లతో గీకినట్టు, ఒకదాని మీద ఒకటి. తలుపు అంచున చైల్డ్ లాక్ వేసి ఉంది. అది వేసి ఉంటే లోపల నుంచి ఎంత గుంజినా తలుపు రాదు.

ముందర గుద్దిన బండికి వెనక తలుపు లోపలి హ్యాండిల్ విరగదు. చచ్చినవాడు హ్యాండిల్ గుంజడు.

షావలి అక్కడే నేల మీద కూర్చున్నాడు. దెయ్యం భయం ఎప్పుడు పోయిందో తెలియదు. ఉన్న భయం వేరే... బతికున్న మనుషుల భయం. కాసేపటికి ఫోటోలు తీసినాడు. పంపినాడు. తర్వాత కాగితం మోకాలి మీద పెట్టుకొని రాసినాడు.

ఇరవై మూడు. ఎడమ పక్క వెనక తలుపు లోపలి హ్యాండిల్: కొత్తగా విరిగింది, మార్చాలి.

ఇరవై నాలుగు. అదే తలుపు అద్దం: పగల్లేదు. లోపలి పక్క చేతి మరక ఉంది.

సంతకం పెడుతుండగా గేటు దగ్గర లైట్లు పడినాయి.

శ్రీకాంత్ ఒక్కడే వచ్చినాడు. కారు దిగి, మెల్లగా నడిచి వచ్చి, తెరిచిన తలుపును చూసినాడు. కోప్పడలేదు. ఆ హ్యాండిల్ ఎప్పుడో విరిగిందని, దాన్ని కాగితంలో పెట్టే పని లేదని చెప్పినాడు.

"పాతదైతే పాతదని రాస్తా," అన్నాడు షావలి. "పాత విరుపు దుమ్ము పట్టి నల్లగుంటాది. ఇది తెల్లగుండాది."

శ్రీకాంత్ కాగితం తీసుకొని, పెన్ను తీసుకొని, చివరి రెండు వరసలూ కొట్టేసినాడు. ఫోన్ అడిగినాడు. షావలి ఇచ్చినాడు. ఆ తలుపు ఫోటోలు ఒక్కొక్కటీ తీసేసి, ఫోన్ తిరిగి ఇస్తా, పక్కింటి మనిషి మాదిరి అడిగినాడు —

"ఇంట్లో ఎంతమందన్నా మీరు?"

షావలి ఫోన్ జేబులో పెట్టుకున్నాడు. ఫోటోలు అప్పటికే వంశీకి చేరినాయని చెప్పలేదు. తాళాలు శ్రీకాంత్ తీసుకున్నాడు. షావలి బైకెక్కి కళ్యాణదుర్గం వచ్చేసినాడు. భార్య షాజాదీ అన్నం పెడితే ముట్టలేదు. రాత్రంతా కూర్చొని, తెల్లవారుజామున కొత్త కాగితం తీసుకొని మళ్లీ మొదటి నుంచి రాసినాడు. ఇరవై నాలుగు వరసలూ రాసినాడు.

పొద్దున పదింటికి వంశీతో కలిసి మిల్లుకు పోతే, ఎడమ పక్క వెనక తలుపుకు అద్దం లేదు. ముక్కలు ముక్కలుగా కింద పడుంది. లోపలి హ్యాండిల్ తీగతో సహా లేదు. రాత్రి దొంగలు పడినట్టున్నారని అన్నాడు శ్రీకాంత్. వంశీ తన ఫోన్ తీసి చూసుకున్నాడు. రాత్రి ఎనిమిదీ పదికి పగలని అద్దం, దాని మీద చెయ్యి. షావలి కాగితం తీసుకొని ఇరవై నాలుగో వరస చదివినాడు. దూరంగా పోయి, పోలీసులకు ఫోన్ చేసినాడు.

శ్రీకాంత్ అద్దం పగలగొట్టినాడు గానీ ముక్కలు ఏరలేదు. వాటిలో రెండిటి మీద బయ్యన్న వేలిముద్రలు దొరికినాయి. ఆ తర్వాత శ్రీకాంత్ చెప్పక తప్పలేదు. ఆస్పత్రికి తీసుకుపోదామనే ఎక్కించుకున్నాడంట. సగం దూరం పోయినాక భయమేసిందంట. ఎవరికీ తెలియకుండా ఏదో ఒకటి చేద్దామని గంటన్నర ఆ దారుల్లోనే అటూ ఇటూ తిప్పినాడంట. పాటలు పెట్టుకున్నాడంట, వెనక చప్పుడు వినపడకుండా. చప్పుడు ఆగినాక, మళ్లీ ఆ మలుపు దగ్గరికే తెచ్చి దించినాడంట.

ఆంజనేయులు షావలిని కొన్నాళ్లు ఇంటి దగ్గరే ఉండమన్నాడు. నువ్వు చేసింది తప్పని నేననను, అయితే షాపుకు బండ్లు రావాలి కదా అన్నాడు. కొన్నాళ్లు నాలుగు నెలలైనాయి.

ఆ నాలుగో నెలలో ఒక సాయంత్రం, బయ్యన్న భార్య ఎస్తేరు షావలి ఇల్లు వెతుక్కుంటా వచ్చింది. చేతిలో ఎస్టిమేట్ జిరాక్స్ కాపీ ఉంది. లాయర్ ఇచ్చినాడంట. తనకు చదువు రాదని, లాయర్ తొందరలో ఏదో చెప్పి పంపినాడని, రాసిన మనిషి నోటితో వినాలని వచ్చినానని చెప్పింది.

షావలి బంపర్ దగ్గర మొదలుపెట్టి చదివినాడు. ఇరవై రెండు దగ్గర ఆగి, ఇంతేనమ్మా అన్నాడు. ఆమె కాగితం మీద వేలు పెట్టి, ఇంకా రెండు వరసలుండాయి కదా అంది. చదివినాడు.

ఆమె ఏడవలేదు. ఆ వరస మీద నుంచి వేలు తియ్యలేదు. షాజాదీ నీళ్లు తెచ్చి ఇస్తే పట్టుకుంది గానీ తాగలేదు. తర్వాత చెప్పింది, మెల్లగా.

ఆ రాత్రి బయ్యన్న ఫోన్ నుంచి తనకు కాల్ వచ్చిందంట. తొమ్మిది దాటినాక, పిల్లలు పడుకున్నాక. తెల్లారి శవం దొరికి, ఎనిమిదింటికే పోయినాడని పోలీసులు చెప్పినాక, అత్త ఆమె నోరు మూయించిందంట. చచ్చినోడి ఫోన్ వచ్చిందని బయట చెప్పొద్దు, ఇంటికి కీడు అని. ఇన్నాళ్లూ ఆమె కూడా అట్లే నమ్మింది. అది దెయ్యమేనని.

"ఏం మాట్లాడినాడు?" అని అడిగింది షాజాదీ.

"ఏం మాట్లాడలే అక్కా. ఏవో పాటలు వస్తాండాయి. ఏదో గుంజుతాండే చప్పుడు... జేబులో పడి ఒత్తుకుందేమో, యాడో తాగి కూర్చున్నాడేమో అనుకున్నా." ఎస్తేరు నీళ్ల గ్లాసు కింద పెట్టింది.

"నేనే కట్ చేసినా."